తిరిగి చెడిందెవరు? సామెతల్లో ఆడా మగా

సందేహం: నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను. సామెతల పాఠంలో ‘తిరిగి ఆడది చెడింది, తిరగక మగాడు చెడ్డాడు’ అన్నదానికి అర్థం చెప్పాల్సి వచ్చింది. ఒక అమ్మాయి లేచి, ‘మరి మేం రోజూ స్కూలుకు తిరగడం లేదా మేడం?’ అంది. క్లాసంతా నవ్వింది, నాకు జవాబు తోచలేదు. మన సామెతల్లో ఆడవాళ్లను తక్కువ చేసేవే ఎందుకు ఎక్కువ? అసలు ‘ఆడది’ అనడమే తప్పా? ఇలాంటి సామెతలు పిల్లలకు చెప్పాలా, మానేయాలా, మార్చి చెప్పవచ్చా?

సమాధానం: టీచర్ గారూ, ఆ అమ్మాయి అడిగినదాన్ని పెడసరం కింద జమకట్టకండి. అది చక్కటి భాషా ప్రశ్న. ఆ సామెతలో ‘తిరగడం’ అనే క్రియకు కర్త మారగానే అర్థం మారిపోతోంది. మగవాడు తిరిగాడంటే నాలుగూళ్లు చూశాడు, నలుగురితో పరిచయం పెంచుకున్నాడు, పని వెతుక్కున్నాడు. ఆడది తిరిగిందంటే చెప్పేవాళ్ల గొంతే మారుతుంది. ‘చెడడం’ కూడా అంతే. మగవాడు చెడ్డాడంటే బతుకుతెరువు చెడింది, లోకజ్ఞానం అబ్బలేదు అని. ఆడది చెడిందంటే శీలం సంగతి. ఒకే వాక్యంలో ఒకే ధాతువు రెండుసార్లు వచ్చి, ఇద్దరినీ రెండు వేరువేరు కొలతలతో కొలిచింది. పైకి మాత్రం ఎక్కడా తేడా వినిపించదు. తిరిగి, తిరగక, చెడింది, చెడ్డాడు. మాటలు జోడు కుదిరాయి. చెవికి నప్పిన మాటను బుద్ధి మళ్లీ తనిఖీ చేయదు. మీ విద్యార్థిని ‘తిరగడం’ అనే మాటను దాని మామూలు అర్థంలోకి లాగేసరికి జోడు కాస్తా విడిపోయింది. క్లాసు నవ్వింది అందుకే.

సామెతకు ఇంకో సదుపాయం ఉంది. దానికి చెప్పినవాడంటూ ఉండడు. ‘ఆలికి అన్నం పెట్టి ఊరికి ఉపకారం చేశానన్నాడట’, ‘అత్త చచ్చిన ఆర్నెల్లకు కోడలి కంట నీరొచ్చిందట’. ఈ చివరి ‘ట’ను తేలిగ్గా తీసుకోవద్దు. నేను కళ్లారా చూడలేదు, ఎవరో అనుకుంటుంటే విన్నాను, పూచీ నాది కాదు అని చెప్పే ప్రత్యయం అది. ‘ట’ లేని సామెతలకు ‘వెనకటికెవరో అన్నట్టు’, ‘పెద్దలు ఊరికే అన్నారా’ అనే ముందుమాటలు సిద్ధంగా ఉంటాయి. కోడలిని పట్టుకుని ‘నీకు ఇల్లు సర్దుకోవడం రాదు’ అంటే తగువు అవుతుంది. ‘ఇంటిని చూడు, ఇల్లాలిని చూడు’ అని ఎటో చూస్తూ అంటే ఆమె ఎవరితో తగువు పడాలి? పెద్దలతోనా?

అలాగే ‘రాదు, కూడదు’ అని ముగిసే సామెతలు. ‘నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగవాణ్ణి నమ్మరాదు’ అంటారు. ఎవరు నమ్మకూడదు? వాక్యంలో కర్త లేడు. లోకమంతా కర్తే. ఈ సామెతను ఆడవాళ్ల మీద చెప్పినవాటి జాబితాలో వేసి ఊరుకుంటాం గానీ, ఇందులో మగవాడికి తగిలిన దెబ్బ కూడా గట్టిదే. ఆమె నవ్వును, అతని ఏడుపును ఒకే మాటతో లాగేసుకుంది. మోకాలు చెక్కుకుపోయిన నాలుగేళ్ల పిల్లాణ్ణి ‘ఆడపిల్లలా ఏడుస్తావేంట్రా’ అన్నప్పుడు, వాడికి నొప్పితో పాటు రెండు పాఠాలు చేరతాయి. ఏడవడం తప్పు. ఆడపిల్లలా ఉండడం ఇంకా తప్పు.

‘ఉద్యోగం పురుషలక్షణం’ సంగతి చూడండి. సంస్కృతంలో ఉద్యోగం అంటే పూనిక, ప్రయత్నం. భారతంలో ఉద్యోగపర్వం అన్నప్పుడు అక్కడెవరూ కొలువులకు అర్జీలు పెట్టుకోవడం లేదు కదా, యుద్ధ ప్రయత్నాలు జరుగుతున్నాయి. ప్రయత్నం చేసేవాణ్ణే లక్ష్మి వరిస్తుందన్న శ్లోకంలోనూ ఆ మాటే ఉంది. తరవాత తెలుగులో ఉద్యోగం అంటే నెలజీతపు కొలువుగా స్థిరపడింది. సామెత అక్షరం మారలేదు, అర్థం మాత్రం కొత్తది వచ్చి కూర్చుంది. ఇప్పుడది పని దొరకని కుర్రాణ్ణి పెళ్లిచూపుల్లో తల దించుకునేలా చేస్తోంది. కొలువు చేస్తున్న అమ్మాయిని ‘ఆడపిల్లయినా’ అనే మాట తగిలించి మెచ్చుకునేలా చేస్తోంది. ఆ ‘అయినా’ వినపడ్డప్పుడల్లా నాకు చిరాకు. అంత చదువుకున్నవాళ్లు వేదికలెక్కి మరీ అంటుంటారు.

ఇక మీ మొదటి ప్రశ్నకు వస్తాను. బాహాటంగా తిట్టే సామెతలు ఆడవాళ్ల మీద ఎక్కువున్న మాట నిజమే. కానీ నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేవి వేరే ఉన్నాయి. ‘ఆలిని అదుపులో పెట్టలేనివాడు అందరినీ అదుపులో పెట్టునా’ అని ఇవాళ సభలో ఎవరైనా అంటే పదిమంది లేచి అడుగుతారు. అందులో చెప్పదలచిన సంగతి పైకే కనిపిస్తుంది కాబట్టి కాదనడం సులువు. వాడినవాడికే సిగ్గనిపించి అది మెల్లగా మూలన పడుతుంది. కాదనడానికి చోటివ్వని సామెతలు ఉన్నాయి. వాటి ఉద్దేశం ఇంకెక్కడో ఉంటుంది, ఆడామగా సంగతి అడుగున పరుచుకుని ఉంటుంది.

‘ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం’. ఇది పనికిమాలిన ముందాలోచనను ఎగతాళి చేసే సామెత. ఇంకా అనుమతే రాని ప్రాజెక్టుకు ప్రారంభోత్సవం తేదీ పెట్టుకున్నారని ఆఫీసులో ఆడవాళ్లే నవ్వుతూ అంటారు. పుట్టబోయేది కొడుకే అని ఎవరు తేల్చారు? సామెత ఆ మాట వాదించదు. వాదించాల్సిన అవసరమే లేనట్టు దాటిపోతుంది. ‘కోడలు మగబిడ్డను కంటానంటే వద్దనే అత్త ఉంటుందా?’ కూడా ఇలాంటిదే. జీతం పెంచుతామంటే ఎవరైనా వద్దంటారా అనే చోట వాడతాం. కాదనలేని లాభం అన్న అర్థానికి ఉపమానం కావలసి వస్తే భాషకు తట్టింది మగబిడ్డ. కూతురు పుడితే అంత సంబరం ఉండదన్న సంగతి అందరూ ఒప్పుకున్నట్టే లెక్క.

‘మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చింది’ అన్నది ఇంకా గట్టి ఉదాహరణ. మనుషులకు అసలు నష్టం కన్నా పరువు నష్టం ఎక్కువ బాధిస్తుందన్నది ఇందులో సారం. మంచి పరిశీలనే. క్రికెట్ మ్యాచ్ ఓడినప్పుడు, ఎన్నికల్లో ఓడినప్పుడు పత్రికల శీర్షికల్లోకీ ఎక్కుతుంది. వినేవాళ్ల చూపంతా తోటికోడలి నవ్వు మీద ఉంటుంది. మొగుడు కొట్టడం మాత్రం ఎండ, వాన లాంటి మామూలు సంగతిగా వాక్యంలో ఓ పక్కన ఉండిపోతుంది. గృహహింస నుంచి రక్షణ కల్పించే చట్టాన్ని పార్లమెంటు 2005లో చేసింది. 2006 అక్టోబరు నుంచి అది అమల్లో ఉంది. సామెత మాత్రం ‘కొట్టినందుకు కాదు’ అంటూనే ఉంది. అనేవాళ్లలో చాలామంది చెయ్యెత్తని మంచివాళ్లే. వాళ్ల నోటా అది చెల్లుతోంది కాబట్టే పట్టించుకోవాలి అంటాను.

‘వెధవ’ అనే తిట్టు కూడా ఇదే తోవలో వచ్చింది. సంస్కృతంలో విధవ అంటే భర్త పోయిన స్త్రీ. ఆమె స్థితే ఒక తిట్టయి, చివరకు మగపిల్లల్ని తిట్టడానికీ ముద్దు చేయడానికీ పనికొచ్చింది. కందుకూరి వీరేశలింగం పంతులు రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరులో. ఆచారం మీద యుద్ధం అప్పటికే మొదలైంది. తిట్టు మీద ఎవరూ యుద్ధం చేయలేదు, ఎందుకంటే అందులో వితంతువు ఉన్నట్టు ఇప్పుడెవరికీ వినిపించదు.

‘ఆడపిల్ల అంటే ఈడ పిల్ల కాదు, ఆడ పిల్ల’ అనేది శ్లేష. భాషాశాస్త్రం ప్రకారం ఇందులో పస లేదు. స్త్రీ అనే అర్థమిచ్చే ‘ఆఁడు’కు పాత రాతలో అరసున్న ఉంది. అక్కడ అని అర్థమిచ్చే ‘ఆడ’కు ఆ సంబంధం లేదు. రెండూ వేరు మాటలు, వినడానికి ఒకటయ్యాయి. శ్లేషగా వింటే సరదా, కానీ దాన్ని ఆస్తి పంపకాల దగ్గర సాక్ష్యంగా ప్రవేశపెట్టారు. 1986లో ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు పిత్రార్జితంలో పుట్టుకతో హక్కు ఇచ్చింది. దేశమంతటా పెళ్లయిన కూతుళ్లతో సహా అందరికీ 2005లో ఆ హక్కు వచ్చింది. చట్టం ప్రకారం ఇప్పుడు ఆమె ఈడ పిల్ల కూడా.

అయితే సామెతలన్నీ మగవాళ్లు కూర్చుని కట్టారనుకుంటే పొరపాటు. ‘అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ’ అన్న మాట కచ్చితంగా ఏ కోడలి నోటి నుంచో వచ్చి ఉంటుందని నా నమ్మకం. ఒకే తప్పుకు రెండు తీర్పులు ఎలా ఉంటాయో ఇంత క్లుప్తంగా ఇంకెక్కడా చెప్పలేదు. ‘ఆడబిడ్డ అర్ధమొగుడు’ అన్నది ఇంట్లో అధికారం ఎలా పంచుకుంటారో తెలిసినవాళ్లు వేసిన లెక్క. ఇందాక చెప్పిన ‘ఆలికి అన్నం పెట్టి’ అన్నది మొగుడి గొప్పల మీద వేసిన చురక. ‘అత్తా ఒకింటి కోడలే’లో ఎగతాళి లేదు, నెమ్మదిగా ఒక నిజం గుర్తుచేయడం ఉంది. ఇవి ఎదురు మాట్లాడటానికి వీల్లేనివాళ్లు వాడుకున్న సామెతలు. ‘ట’ ప్రత్యయం ఇచ్చే ముసుగు వాళ్లకూ ఉపయోగపడింది.

ఒక లోటు మాత్రం గమనించండి. అత్తాకోడళ్ల తగువు మీద లెక్కలేనన్ని సామెతలున్నాయి, అదే ఇంట్లో పడకకుర్చీలో కూర్చున్న మామగారు వాటిలో దాదాపు కనిపించడు. కుండ పగిలిన చప్పుడు ఆయనకు వినపడలేదు కాబోలు. అల్లుడి మీద ఉన్నవి ‘అత్త సొమ్ము అల్లుడి దానం’, ‘అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని’, సంస్కృతంలో ‘జామాతా దశమగ్రహః’, అంటే అల్లుడు పదో గ్రహం. వాటిలో వెక్కిరింత ఉంది, భయమూ ఉంది. కోడలికి పరీక్ష పెడతారు, అల్లుడికి శాంతి చేస్తారు. ‘తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను’ అన్నచోట పిల్లకూ బర్రెకూ ఒకే క్రియ సరిపోయింది. తండ్రిని చూసి వరుణ్ణి ఎంచుకోమనే జోడీ సామెత నేను వినలేదు.

ఎందుకు ఎక్కువ అంటే ఇదీ కారణం. కాపలా ఎక్కడ ఎక్కువో అక్కడ సామెత ఎక్కువ. పెళ్లి, కాపురం, పుట్టుక, ఆస్తి అన్నీ ఆడవాళ్ల కదలిక మీద ఆధారపడ్డ ఇంట్లో, కదలికకు హద్దులు గీయడానికి మాటలు కావలసివచ్చాయి. ఆ పైన సంకలనాలు వచ్చాయి. కెప్టెన్ కార్ అనే సైనికాధికారి మద్రాసులో 1868లో ‘ఆంధ్రలోకోక్తిచంద్రిక’ను అచ్చువేయించారు. ఎంతో విలువైన పని అది. కానీ అకారాదిగా అచ్చయిన ఏ పుస్తకంలోనైనా సామెత తన తగువును పోగొట్టుకుంటుంది. ఎవరు ఎవరితో, ఏ కోపంలో అన్నారో ఉండదు. అందువల్ల అభిప్రాయం కాస్తా సిద్ధాంతంలా కనిపిస్తుంది. మన పాఠ్యపుస్తకాలకూ అదే అలవాటు వచ్చింది.

‘ఆడది’ అన్న మాట గురించి. వ్యాకరణం దృష్టిలో అది తిట్టు కాదు. తెలుగులో ఏకవచనంలో స్త్రీకి విడిగా క్రియారూపం లేదు. రాముడు వచ్చాడు; సీత వచ్చింది, ఆవు వచ్చింది, బండి వచ్చింది. బహువచనానికి వచ్చేసరికి స్త్రీలు మగవాళ్లతో చేరతారు: సీత, రాధ వచ్చారు, ఆవులు వచ్చాయి. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి మహత్తు (మగవాళ్లను చెప్పే మాటలు), అమహత్తు (మిగిలినవన్నీ) అని చేసిన విభాగం దీని గురించే. పక్కనున్న తమిళ, కన్నడాల్లో స్త్రీకి వేరే రూపం ఉంది, మనకు లేదు. కాబట్టి ‘ఆడది’లోని ‘ది’ని పట్టుకుని స్త్రీని వస్తువు చేశారని వాదించడం వ్యాకరణానికి నప్పదు. ‘మా చిన్నది’, ‘పిల్లది’ అని ఎంత ముద్దుగా అంటామో మీకు తెలుసు. మర్యాద మెట్టులో చూసినా ‘మగవాడు’, ‘ఆడది’ రెండూ ఒకే మెట్టు మీద బయల్దేరాయి.

బయల్దేరాక దారులు వేరయ్యాయి. ‘మగాడివైతే రా’ అన్నప్పుడు మగాడు బిరుదు. ‘ఆడదానివి, నీకెందుకు’ అన్నప్పుడు ఆడది అనర్హత. ఈ వాడుకల వల్ల ‘మగవాడు’ పత్రికలో నిలబడుతుంది, ‘ఆడది’ నిలబడదు. పాత సామెతను ఉదహరించేటప్పుడు ‘ఆడది’ని ఉన్నదున్నట్టే ఉంచండి. మీ సొంత వాక్యంలో ఆడవాళ్లు, స్త్రీ, మహిళ అని సందర్భాన్ని బట్టి రాయండి. వాడుక ఇచ్చిన బరువును వ్యాకరణం తగ్గించలేదు. కోర్టులు కూడా ఇప్పుడు ఈ సంగతి పట్టించుకుంటున్నాయి. తీర్పుల్లో స్త్రీల గురించి పాత మూసలో వచ్చే మాటలను గుర్తుపట్టి మార్చుకోవడానికి 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఒక చేతిపుస్తకం విడుదల చేసింది.

మార్చి చెప్పవచ్చా అన్నారు. కూర్చుని మారిస్తే సామెత నిలవదు, ప్రాస పోతుంది, పలుకుబడి పోతుంది. జనం వాడగా వాడగా మారితే నిలుస్తుంది. ‘ఆడదాని నోట్లో నువ్వుగింజ నానదు’ అనేవాళ్లున్నారు. ఇప్పుడు ఎక్కువమంది మొదటి మాట వదిలేసి ‘వాడి నోట్లో నువ్వుగింజ నానదు’ అని మగవాళ్లను కూడా అంటున్నారు. సామెతకు ఏ లోటూ రాలేదు. దీనికి ముడిపెట్టే భారతకథ పిల్లలకు తప్పక చెప్పండి. కర్ణుడు పాండవులకు అన్న అని యుద్ధం ముగిశాక కుంతి చెప్పినప్పుడు, ఇన్నాళ్లూ దాచినందుకు ధర్మరాజు స్త్రీల నోట రహస్యం దాగదని శపించాడు. జీవితమంతా రహస్యాన్ని గుండెలో దాచుకున్న మనిషి వల్ల ఈ శాపం వచ్చింది! ఎవరికీ ఏమీ వివరించకుండా ఈ కథ ఒక్కటి చెబితే చాలు, పిల్లలే పట్టుకుంటారు.

‘స్త్రీబుద్ధి ప్రళయాంతకః’ అని గంభీరంగా అనేవాళ్లకు కూడా చిన్న మందు ఉంది. బుద్ధి శబ్దం సంస్కృతంలో స్త్రీలింగం, కాబట్టి ఆ విసర్గ పొసగదు. శ్లోకంలో ‘ప్రళయంకరీ’ అనే పాఠం ఉంది, అంటే ప్రళయం తెచ్చేది. మనవాళ్లు పలికే ‘ప్రళయాంతక’కు అక్షరాలా అర్థం తీస్తే ప్రళయాన్ని అంతం చేసేది. తిడదామనుకుని పొగిడారు.

మానేయమని మాత్రం చెప్పను. ‘ముల్లు ఆకు మీద పడినా, ఆకు ముల్లు మీద పడినా చిరిగేది ఆకే’ అన్న సామెతలో ఆడ అన్న మాటే లేదు. అయినా వినగానే ఎవరి గురించో అందరికీ తెలిసిపోతుంది. ఇది పిల్లలకు చెప్పకపోతే, ఆ తెలిసిపోవడం ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్లకు ఎప్పటికీ తెలియదు. బోర్డు మీద రాసి, ఇది ఎవరు ఎవరికి చెబుతారు అని అడగండి. తల్లి కూతురికి చెబుతుంది అంటారు. ముల్లుకు ఏం చెబుతారు అని అడగండి. ఇంకొన్నింటిని తిరగేసి చదివించండి. ‘ఇంటిని చూడు, ఇంటాయనను చూడు’ అంటే క్లాసు నవ్వుతుంది. ఎందుకు నవ్వొచ్చిందో వాళ్లనే రాయమనండి, వ్యాసం తయారవుతుంది.

పరీక్షల విషయం: సామెతకు అర్థం రాయమన్నప్పుడు ‘ఒకప్పుడు ఇలా అనుకునేవారు’ అన్న ధోరణిలో రాయించండి, ‘నీతి’ అన్న మాట వద్దు. సొంతవాక్యంలో ప్రయోగించమన్న ప్రశ్నకు ఇలాంటివి ఇవ్వకపోవడమే మంచిది. పిల్లలు ఉదాహరణ కోసం ఎవరో ఒక అమ్మాయిని చెడగొట్టక తప్పదు, మీరు దానికి మార్కులు వేయకా తప్పదు.